నాలుగు లక్షల కొటేషన్‌కి సంతకం పెట్టే ముందు గోడలు ఆరనివ్వండి

హనుమకొండ నుంచి ఒక అన్నయ్యగారు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానకు ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. ఇంటిని మళ్లీ మామూలుగా చేసి ఇవ్వడానికి ఒక కాంట్రాక్టరు 4.20 లక్షలు చెప్పాడు, 40 శాతం అడ్వాన్సు అడుగుతున్నాడు. ఫాల్గుణంలో అమ్మాయి పెళ్లి. ఇంటి మీద బ్యాంకు లోను ఇంకా నడుస్తోంది. ఈ రేటు న్యాయమేనా, ఒప్పుకోవాలా?

అన్నయ్యగారూ, ఇప్పుడే ఒప్పుకోకండి. రేటు అన్యాయం అని కాదు. ఆ కొటేషన్‌లో ఉన్న పనుల్లో సగం పైగా ఇప్పుడు చేయకూడని పనులు.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది, కింది వాటా మునిగింది. ఆర్మీ వాళ్లు వచ్చి గండ్లు పూడ్చాక కూడా మా లైన్లో నీళ్లు తీయడానికి చాలా టైమ్ పట్టింది. ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఇంటి పనులన్నీ నేనే చూసుకున్నాను, ఎందుకంటే మా ఆయన ఉద్యోగం కాకినాడలో. మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, బీమా సర్వేయరు, అందరితో మాట్లాడింది నేనే. కాబట్టి ఆ కొటేషన్‌లో ఏముండి ఉంటుందో ఊహించగలను.

ముందు రేట్ల సంగతి. వరద తగ్గిన వారంలో ఉన్న రేటు మార్కెట్ రేటు కాదు. మా దగ్గర మామూలుగా 800కి వచ్చే కూలీ బురద ఎత్తడానికి 2,000 అడిగాడు, అదీ మధ్యాహ్నం భోజనం వేళ వరకే. తప్పు పట్టలేం, అతని ఇల్లూ అదే నీళ్లలో ఉంది. ఊరంతా ఒకే వారంలో ఒకే పని చేయించుకోవాలంటే, ఉన్న కొద్దిమంది మేస్త్రీలు ఎవరు ఎక్కువిస్తే వాళ్లింటికి వెళ్తారు. ప్రభుత్వం ఫైరింజన్లు పెట్టి వీధులూ ఇళ్లూ కడిగించింది, అర్బన్ కంపెనీతో మాట్లాడి ప్లంబర్లను, ఎలక్ట్రీషియన్లను రప్పించింది. దాంతో కొంత ఊపిరాడింది. కార్తీకం దాటేసరికి కూలి రేట్లు దాదాపు మామూలుకు దిగాయి. అదే మేస్త్రి, అదే పని.

"సిమెంటు రేటు పెరిగింది మేడమ్" అని మాకు చెప్పినట్టే మీకూ చెప్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి బస్తా బిల్లు చూపించమని అడగండి. పెరిగేది కూలి, అదీ తాత్కాలికంగా.

అలాగని ఖర్చు పెరిగిందంటే అంతా దోపిడీయే అనుకోకండి. ఇదే ఇంట్లోకి 2005లో కూడా బుడమేరు వచ్చింది. అప్పుడు మా అత్తగారు ఉండేవారు. కింద సిమెంటు గచ్చు, ఇనప మంచం, గోద్రెజ్ బీరువా, వంటింట్లో కడప రాయి గట్టు. నీళ్లు పోయాక బక్కెట్లతో కడిగి, సున్నం వేయించి, బీరువాకు రంగు కొట్టించారు, అంతే. ఇప్పుడు మోకాలి ఎత్తులోపే ఏముందో ఒకసారి చూడండి: మాడ్యులర్ కిచెన్ కింది అరలు, టీవీ యూనిట్, మంచం కింద స్టోరేజీ, వాషింగ్ మెషిన్, ఫ్రిజ్ అడుగున కంప్రెసర్, ఇన్వర్టర్, అడుగు ఎత్తులో ప్లగ్ పాయింట్లు, గోడలకు పుట్టీ. నీళ్లు అప్పుడూ ఇప్పుడూ ఒకే ఎత్తులో వచ్చాయి. మన డబ్బే కిందికి దిగి కూర్చుంది.

ఇప్పుడు వెంటనే చేయించాల్సినవి చెప్తాను, వీటికి రేటు ఎక్కువైనా ఇవ్వండి. బురద తడిగా ఉండగానే పోవాలి. ఆరితే టైల్స్ సందుల్లో గట్టిపడి గీకినా రాదు. కడిగాక బ్లీచింగ్ పౌడరు నీళ్లు చాలు. "యాంటీ ఫంగల్ కెమికల్ ట్రీట్‌మెంట్" అని చదరపు అడుగుకి లెక్క కట్టి ఉంటే ఆ లైను కొట్టేయించండి. ఒక్క జాగ్రత్త: టైల్స్ మెరవడానికి కొందరు పనివాళ్లు యాసిడ్ కూడా తెస్తారు. బ్లీచింగ్ వేసిన చోట యాసిడ్ పోయనివ్వకండి, విషవాయువు వస్తుంది. మా వీధిలో ఒకాయన బాత్రూమ్ నుంచి దగ్గుతూ బయటికి పరుగెత్తుకొచ్చాడు.

రెండోది కరెంటు. మెయిన్ ఆపేసి, మునిగిన బోర్డులన్నీ విప్పించండి. పైపుల్లో నీళ్లు నిలుస్తాయి, అది బయటికి కనిపించదు. వచ్చే ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ ఉందా అని అడగండి. వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో ఆ మీటరే చెప్తుంది. లేనివాడు "వైరింగ్ మొత్తం మార్చాలి" అంటాడు, ఉన్నవాడు ఏ లైను మార్చాలో చెప్తాడు. మా ఇంట్లో రెండు గదుల లైన్లు మాత్రమే మార్చాల్సి వచ్చింది, ఖర్చు మూడో వంతుకు తగ్గింది. బోర్డులు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ప్లగ్ పాయింట్లను నాలుగడుగుల ఎత్తుకు ఎక్కించండి, మెయిన్‌లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించండి. సంపు మోటారు నీళ్లలో ఉండిపోతే స్విచ్ వేయకుండా వైండింగ్ షాపుకి పంపండి. వేసి చూద్దాం అనుకుంటే కాలిపోతుంది.

ఇక గోడలు. మీ కొటేషన్‌లో పెద్ద భాగం ఇదే అయి ఉంటుంది: పాత ప్లాస్టరింగ్ కొట్టేయడం, కొత్తది చేయడం, వాటర్‌ప్రూఫింగ్, పుట్టీ, ప్రైమర్, రెండు కోటింగుల పెయింట్. మునిగిన ఇటుక గోడ పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల చెమ్మ నెలల తరబడి ఉంటుంది. ఆ చెమ్మ బయటికి వచ్చేటప్పుడు ఉప్పును కూడా తెస్తుంది. అప్పటికే మీరు పుట్టీ, పెయింట్ వేసేసి ఉంటే ఆ ఉప్పు దాన్ని లోపలి నుంచి నెట్టేస్తుంది.

మా ఎదురింటి మాస్టారు దసరాకి కొడుకూ కోడలూ వస్తున్నారని, ఇల్లు అలా ఉంటే బాగుండదని, నీళ్లు పోయిన నెలకే మొత్తం పుట్టీ పెట్టించి రంగులేయించారు. మంచి కంపెనీ పెయింటే, పనీ బాగానే చేశారు. సంక్రాంతికి ముగ్గు వేస్తూ చూస్తే వరండా గోడ మీద మోకాలి ఎత్తులో వరసగా పొక్కులు. వేలితో నొక్కితే పెచ్చు ఊడి వచ్చింది, కింద తెల్లగా ఉప్పు పూత. వేసవిలో అదంతా గీకించి మళ్లీ వేయించారు. ఆ కాంట్రాక్టరు ఫోన్ ఎత్తలేదనుకోండి, అది వేరే కథ.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి మా మేస్త్రి చెప్పిన పద్ధతి సులువు. అడుగు చదరం పాలిథీన్ కవరు ముక్కను గోడకు ఆనించి నాలుగు పక్కలా టేపు గట్టిగా అతికించాలి. మర్నాడు చూస్తే, లోపలి వైపు చిన్న చిన్న నీటి బొట్లు పట్టి ఉంటే ఇంకా ఆరలేదని అర్థం. పూర్తిగా పొడిగా ఉన్నాకే పుట్టీ మాట ఎత్తండి. ఈలోపు ఫ్యాన్లు వేసి, పగలు కిటికీలు తీసి పెట్టండి, బీరువాలు సోఫాలు గోడకు ఆనించకండి. మీకు ఇప్పుడు చలికాలం, గాలి పొడిగా ఉంటుంది, అది కలిసొచ్చే విషయమే.

ప్లాస్టరింగ్ మొత్తం కొట్టాలా అన్నదానికి కూడా పరీక్ష ఉంది. మా మేస్త్రి తాపీ పిడితో గోడంతా టక్ టక్ మని కొట్టుకుంటూ పోయాడు. గట్టి శబ్దం వచ్చిన చోట వదిలేశాడు, గుల్ల శబ్దం వచ్చిన చోట సుద్దముక్కతో గీత గీశాడు. చివరికి చూస్తే హాల్లో ఒక మూల, వంటింట్లో సింకు కింద, పడగ్గదిలో మంచం వెనక, అంతే గీతలు. మాకు మొదట వచ్చిన కొటేషన్‌లో మాత్రం నాలుగడుగుల ఎత్తున ఇల్లంతా కొట్టాలని ఉంది. మీ కాంట్రాక్టరును కూడా తాపీ పట్టుకుని మీ ఎదుట ఇలా కొట్టి చూపించమనండి. టైల్స్‌కీ ఇదే పద్ధతి.

పెళ్లి టెన్షన్ అర్థమైంది. ఫాల్గుణం అంటే ఇంకా మూడు నెలల పైనే ఉంది. నీళ్లెక్కిన ఎత్తు వరకు పాత పుట్టీ, పెయింట్ గీకించేసి, అక్కడ సున్నం వేయించండి. సున్నం గోడను మూసేయదు, చెమ్మ బయటికి పోతూనే ఉంటుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కొంచెం రంగు కలిపించి, పై భాగానికి వేరే రంగుంటే కావాలనే అలా చేయించారనుకుంటారు. పెళ్లికి ఎలాగూ పందిరి, పూలు, బట్టల కర్టెన్లు ఉంటాయి. అసలు పెయింట్ వచ్చే వేసవిలో వేయించుకోవచ్చు.

వంటింటి అరల గురించి ఎక్కువ ఆలోచించకండి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు చెక్క పొడిని అతికించి చేసేవి, ఉబ్బితే ఇక బాగవవు. మెరైన్ ప్లైవుడ్ అయితే ఆరబెట్టి చూడొచ్చు. షట్టర్లు, హింజెలు, స్టీలు బుట్టలు దాచుకోండి, మళ్లీ పనికొస్తాయి.

ఇప్పుడు ఆ బ్యాంకు లోను. ఈ రాత్రికే లోను ఫైలు తీసి చూడండి. చాలా బ్యాంకులు లోను ఇచ్చేటప్పుడే ఇంటికి బీమా చేయిస్తాయి, ప్రీమియం మన ఖాతాలోంచే పోతుంది, కాగితం మనం చూడం. ఫైల్లో లేకపోతే స్టేట్‌మెంట్‌లో ఇన్సూరెన్స్ అనే పద్దు ఉందేమో వెతకండి, బ్రాంచిలో అడగండి. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇళ్లకు అమ్మే ప్రామాణిక పాలసీ పేరు భారత్ గృహ రక్ష. అందులో వరద నష్టం కవరవుతుంది. బ్యాంకులు కట్టించేది ఎక్కువగా భవనానికే ఉంటుంది, అంటే గోడలు, ఫ్లోరింగ్, వైరింగ్. సామాన్లకూ కలిపి తీసుకుని ఉంటే, జాబితా విడిగా ఇవ్వకపోయినా భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సామాన్లకు వర్తిస్తుంది. చెత్త, శిథిలాలు తీసేసిన ఖర్చు కూడా క్లెయిమ్ మొత్తంలో 2 శాతం దాకా అడగొచ్చు.

పాలసీ దొరికితే ఇంకేమీ కొట్టించకముందే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. గోడ మీద నీటి గీత ఇంకా ఉందా? దాని పక్కన కొలత టేపు పెట్టి ఫొటో తీయండి. మా సర్వేయరు మొదట బిల్లులు అడిగాడు. ఫ్రిజ్ బిల్లు, మంచం బిల్లు, అవన్నీ నీళ్లలోనే పోయాయి మరి. ఆ ఫొటోలు, పాత యూపీఐ చెల్లింపులు, గృహప్రవేశం వీడియో, వీటితోనే పని జరిగింది. ఆలస్యమైంది, అడిగినంతా రాలేదు, కానీ ప్లాస్టరింగ్, వైరింగ్ ఖర్చులో ఎక్కువ భాగం వచ్చింది. అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కదలకపోతే బీమా నియంత్రణ సంస్థ వాళ్ల బీమా భరోసా పోర్టల్, ఆ పైన హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ప్రభుత్వ సాయం జాబితాలో పేరుందో లేదో కూడా చూసుకోండి. మాకు విజయవాడలో కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 ఇచ్చారు. ఆ డబ్బు మాకు కరెంటు పనికి సరిపోయింది. మీ దగ్గర ఎంతన్నది కలెక్టరేట్‌లో కనుక్కోండి.

చివరిగా ఆ 40 శాతం అడ్వాన్సు. 4.20 లక్షల్లో 40 శాతమంటే 1.68 లక్షలు, పని మొదలుకాకముందే. ఇవ్వకండి. మొత్తం ప్యాకేజీ వద్దని చెప్పి, బురద తీత, కరెంటు, ప్లాస్టరింగ్ అతుకులు, సున్నం, వీటికి విడివిడిగా రేటు రాసిమ్మనండి. చదరపు అడుగు లెక్కయితే కొలత మీరూ పక్కనుండి టేపు పట్టుకుని తీయండి, తలుపులూ కిటికీల జాగా తీసేస్తారా కలిపేస్తారా అన్నది ముందే కాగితం మీద పెట్టించుకోండి. సామాను మీరే కొని ఇచ్చి, కూలి మాత్రం వారం వారం చేసిన పనికి ఇవ్వండి. దీనికి అతను ఒప్పుకోకపోతే ఒక నెల ఆగి ఇంకొకరిని అడగండి, అప్పటికి మీ ఊళ్లోనూ మేస్త్రీలు దొరుకుతారు. కొత్త కొటేషన్ వచ్చాక, నంబర్లూ పేర్లూ చెరిపేసి ఇక్కడ పెట్టండి, లైను లైనూ చూసి చెప్తాను.