గోధుమ రంగంటే బేజా, బ్రౌనా?

సందేహం: హాలు గోడలకు క్రీమ్ వేయించాలా, బేజ్ (లేత ఇసుక రంగు) వేయించాలా అని వారం రోజులుగా తేల్చుకోలేకపోతున్నాం. పెయింటర్ "గంధం రంగా, గోధుమ రంగా చెప్పండమ్మా" అన్నాడు. నేను గోధుమ అనబోతుంటే మా అత్తయ్యగారు "బ్రౌనా! హాలు చీకటి కొట్టు అయిపోతుంది" అని అడ్డుపడ్డారు. ఎవరి మాట సరైనది?

సమాధానం: వాడుక చూస్తే మీ అత్తయ్యగారిది, గింజ చూస్తే పెయింటర్‌ది. గుప్పెడు గోధుమలు అరచేతిలో పోసుకుని చూడండి, బ్రౌన్ కంటే చాలా లేతగా ఉంటాయి. అయినా బడిలో మనం బ్రౌన్‌కి నేర్చుకున్న తెలుగు గోధుమ రంగే. గోధుమ వన్నె త్రాచు అంటే ఎవరికీ బేజ్ రంగు పాము తోచదు. అదే పెళ్లి ప్రకటనలో "అమ్మాయి గోధుమ రంగు" అని ఉంటే బ్రౌన్ అనుకోం. తెలుపు అనడానికి ధైర్యం చాలక, చామనఛాయ అనడానికి నోరు రాక వాడే మాట అది. (పెళ్లిళ్ల పేరయ్యల రంగుల గురించి వేరే రాయాలి.) ఒక మాట రెండు రంగులు మోయడం మనకు కొత్తేమీ కాదు. పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చగడ్డిలో పచ్చ ఆకుపచ్చ.

గంధం రంగుతో పేచీ లేదు. సాన మీద అరగదీసి ఆరనిచ్చిన గంధంలో తెలుపు మీద లేత పసుపు పొడ కనిపిస్తుంది. క్రీమ్‌కి అది చక్కగా సరిపోతుంది. కొందరు మీగడ రంగు అని రాస్తున్నారు. గేదె పాల మీగడ తెల్లన, ఆవు పాలది పసుపు పొడ. ఏ మీగడో మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

బేజ్‌కి నేనైతే కోరా రంగు అంటాను. చలువ చేయని, రంగు అద్దని బట్టను కోరా అంటాం. బేజ్ అనే ఫ్రెంచి మాట కూడా మొదట రంగు అద్దని ఉన్ని బట్టకు చెప్పిందే. చేనేత చీరలు కొనేవాళ్లకు కోరా కొత్త కాదు. మీ పెయింటర్‌కి తెలియకపోతే గోధుమపిండి రంగు అనండి. పొరపాటున మైదా అనకండి, తెల్ల సున్నం కొట్టేస్తాడు.

ఏది వేయించినా డబ్బా మీది షేడ్ నంబరు రాసి పెట్టుకోండి. రేపు ఒక గోడకే రంగు కావాల్సి వచ్చి గంధం అని అడిగితే షాపువాడు పది గంధాలు చూపిస్తాడు.