హెడ్‌లైట్ వెలుగు చాలకపోతే బల్బు పెంచాలా?

ప్రశ్న: నా కారు కొని పదేళ్లయింది. రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగు చాలడం లేదు. పుదుపేటలో విడిభాగాలు అమ్మే ఒకరు 60/55 వాట్ల (హై బీమ్/లో బీమ్) హెచ్4 రకం బల్బులు తీసి 100/90 వాట్లవి వేసుకోమన్నారు. నేనే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: మార్చడం మీకు చేతనయ్యే పనే, కాని ఆ బల్బులు మాత్రం వద్దు. 12 వోల్టుల దగ్గర 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తీసుకుంటే 100 వాట్లది 8కి పైగా తీసుకుంటుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు 2.8 రెట్లవుతుంది. కంపెనీ తీగలు, స్విచ్చు, హోల్డరు అంత వేడికి ఉద్దేశించినవి కావు. ఎదురుగా వచ్చేవారి కళ్లు చెదిరే ప్రమాదం సరేసరి.

పదేళ్ల కారులో లోపం చాలావరకు పైనుండే పాలీకార్బొనేట్ కవరుదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు దాని పైపూత చెడి, పచ్చబారి మసకేస్తుంది. చుట్టూ ఉన్న పెయింటుకు మాస్కింగ్ టేపు అంటించి, నీళ్లు చల్లుతూ 800, 1500, 2000 నంబరు వాటర్‌పేపర్లతో వరుసగా రుద్ది, పాలిష్ పట్టించి, చివర ఆ కిరణాల (యూవీ) నుంచి రక్షణనిచ్చే క్లియర్‌కోట్ అనే పారదర్శక పూత తప్పక వేయండి. అది వేయకపోతే చెన్నై ఎండకు మసక త్వరలోనే తిరిగి వస్తుంది.

అప్పటికీ చాలకపోతే, ఇంజిన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గరా, బల్బు కనెక్టరు దగ్గరా వోల్టేజి కొలవండి. ఒక వోల్టు తేడా ఉన్నా వెలుగు సుమారు ఐదోవంతు తగ్గుతుంది. ఎర్త్ కనెక్షన్లు శుభ్రం చేసి, రిలే (బ్యాటరీ నుంచి బల్బుకు నేరుగా కరెంటు అందించే విద్యుత్ స్విచ్చు), ఫ్యూజు ఉన్న వైరింగ్ వేసి, కొత్త 60/55 బల్బులే పెట్టండి. గాజును వేళ్లతో తాకకండి. జిడ్డు అంటిన చోట అతిగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.