కొవ్వు తీసెయ్, తడి మాత్రం పోనివ్వకు

చిన్నీ,

ఇకనుంచి బర్గర్లు ఇంట్లోనే, అదీ కొవ్వు తగ్గించి చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో, అంత గాభరా కూడా పుట్టింది. పచ్చి కీమాతో పని మరి.

నాలుగు బర్గర్లకి అరకిలో చికెన్ కీమా చాలు. ఉత్త బ్రెస్టే వద్దు. సగం అది, సగం చర్మం తీసిన తొడ మాంసం ఆడించు. ప్యాకెట్ కీమాలో చర్మం కలిసి ఉండొచ్చు, కొవ్వు ఎంతో చదివి కొను.

అందరూ పొరబడేది ఇక్కడే. కొవ్వు తీసేస్తారు, అది చేసే పని మాత్రం దేనికీ అప్పజెప్పరు. మామూలు బర్గర్ కీమాలో 20 శాతం దాకా కొవ్వుంటుంది. పెనం మీద అది కరుగుతూ ముద్దని గుల్లగా, తడిగా ఉంచుతుంది. అది లేకపోతే ప్రోటీన్ బిగుసుకుపోయి, ఉన్న నీటినంతా బయటికి పిండేస్తుంది. ఇక రబ్బరు నమిలినట్టే.

అందుకని 30 గ్రాముల బ్రెడ్ పొడిని మూడు టేబుల్ స్పూన్ల పాలలో పది నిమిషాలు నానబెట్టు. 150 గ్రాముల పుట్టగొడుగులు సన్నగా తరిగి, నూనె లేకుండా నీరు ఇగిరేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చు. వేడిగా కలిపావంటే కీమా అక్కడక్కడ ఉడికి ముద్ద పట్టదు. ఒక చిన్న ఉల్లిపాయ తురిమి వెయ్యి. చిన్నప్పుడు ఉల్లిపాయ ముక్కలన్నీ ఏరి కంచం అంచున పెట్టేదానివి. తురిమితే నీక్కూడా కనబడవులే.

మిరియాల పొడి నీ ఇష్టం. ఉప్పు ముప్పావు టీస్పూను, అదీ ఆఖర్న. ముందే వేసి పిసికితే ప్రోటీన్ కరిగి జిగురెక్కి, కాలాక గట్టిపడుతుంది. వేళ్లతో పైపైన కలిపి ఆపెయ్. పచ్చిది నాలుక మీద పెట్టి ఉప్పు చూడకు తల్లీ, చిటికెడు ముద్ద కాల్చి చూడు.

రెండు సెంటీమీటర్ల మందాన, బన్ను కంటే కాస్త వెడల్పుగా ఒత్తు. నడుమ బొటనవేలితో చిన్న గుంట చెయ్యి, లేకపోతే మధ్యలో ఉబ్బి అంచులు ముందే ఎండిపోతాయి. అరగంట ఫ్రిజ్‌లో ఉంచు.

నూనె పెనంలో పోయకు. నాలుగింటికీ కలిపి రెండు టీస్పూన్లు, బ్రష్‌తో రాస్తే సరిపోతుంది. మధ్యస్థం మంట మీద ఒక్కో వైపు ఐదారు నిమిషాలు. గరిటెతో నొక్కావో, ఊరుకోను! చుర్రుమంటూ పెనం మీద ఆవిరైపోయేది నువ్వు కష్టపడి లోపల నిలిపిన తడే.

ఇక అసలు భయం. ఎండిపోతుందేమోనన్న బెంగతో తొందరపడి దించేస్తావని. ముక్క మీద పైపైన ఉన్న సూక్ష్మజీవులు ఆడించాక ముద్దంతా కలిసిపోతాయి. తెల్లబడింది, నీరు తేటగా వచ్చింది అని నమ్మకు. వంట థర్మామీటర్‌ని పక్క నుంచి సరిగ్గా నడిమికి గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. ఎంత ఆకలేసినా అంతకు ముందు దించకు. చూపించాక ఒక్క నిమిషం కూడా ఉంచకు. థర్మామీటర్ లేకపోతే బన్నుల కంటే ముందు అది కొను. పచ్చి చికెన్‌ని కుళాయి కింద కడగొద్దు, ఆ తుంపరలు గట్టంతా పడతాయి. కడగాల్సింది చేతులు, కత్తి, పలక. సబ్బుతో.

ఒక టేబుల్ స్పూన్ మయోనైజ్‌లో దాదాపు 10 గ్రాముల కొవ్వుంటుంది. అది రెండు స్పూన్లు పూస్తే ఇంత శ్రమా దండగ. వెన్న తీసిన పాల పెరుగుని పల్చటి గుడ్డలో వడకట్టి, మస్టర్డ్, నలిపిన వెల్లుల్లి, నిమ్మరసం కలుపు. బన్ను లోపలి వైపు పొడి పెనం మీద కాల్చు, నానిపోదు.

మిగిలినవాటిని కాల్చకుండానే, మధ్యమధ్య బేకింగ్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో దాచు. కావలసిన ముందురోజు రాత్రి ఫ్రిజ్ అడుగు అరలోకి మార్చు, కింద పళ్లెం పెట్టి. బయట బల్ల మీద పెట్టి కరిగించొద్దు.

ప్రేమతో,
అత్తయ్య