ఫ్రీజర్‌లో దాచిన పప్పు, అన్నం పిల్లాడికి పెట్టొచ్చా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. ఆదివారం పప్పు, చికెన్ కూర ఎక్కువగా వండి, అన్నంతో సహా డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెడుతున్నాను. మూడేళ్ల బాబు కూడా అదే తింటాడు. నిల్వ తిండి పెట్టి పిల్లాణ్ని పాడుచేస్తున్నానని మా అత్తయ్య బాధపడుతున్నారు. నిజంగా ప్రమాదమా?
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: మీరు తప్పు చేస్తున్నారని అనుకోకండమ్మా. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగవు, పోషకాలు కూడా పెద్దగా తగ్గవు. పప్పు, కూరలు రెండు మూడు నెలలైనా ఉంటాయి. మీరు దాచేది వారానికే.

అయితే చలికి సూక్ష్మజీవులు చావవు, పెరగడం ఆగుతుందంతే. అందుకే వండాక ఎంతసేపటికి ఫ్రీజర్‌లో పెడుతున్నారన్నదే అసలు సంగతి. అది మీరు రాయలేదు. మధ్యాహ్నం వండినవి పొయ్యి మీదే ఉంచి, రాత్రి పడుకునే ముందు సర్దుతుంటే మాత్రం అత్తయ్యగారి భయం నిజమే.

ముఖ్యంగా అన్నంతో జాగ్రత్త. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయటే ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషపదార్థాన్ని వదులుతాయి. అది తయారయ్యాక ఫ్రీజర్‌లో పెట్టినా, మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. అన్నాన్ని దాచాల్సి వస్తే, వండగానే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి ఆరబెట్టి, గంటలోపు ఫ్రీజర్‌లో పెట్టండి. నన్నడిగితే అన్నం ఏ పూటకాపూట వండుకోవడమే మేలు. కుక్కర్లో ఎంతసేపు పడుతుంది కనుక!

పప్పు, కూరలకు రెండు గంటలు గడువు, మన ఎండాకాలంలో గంటే. గిన్నెను చన్నీళ్లలో ఉంచి కలుపుతుంటే త్వరగా చల్లారుతుంది. లోతు తక్కువున్న డబ్బాల్లో పూటకు సరిపడా సర్ది, పైన తేదీ రాయండి. మీది సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే పైఅర అంత చల్లబడకపోవచ్చు. అందులో ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంటే వండినవి మూడు నాలుగు రోజులకు మించి ఉంచొద్దు.

తినే ముందురోజు రాత్రి డబ్బాను ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. వంటగట్టు మీద కరగనివ్వొద్దు. మధ్యమధ్యలో కలుపుతూ లోపలిదాకా పొగలు వచ్చేలా వేడి చేసి, బాబుకి గోరువెచ్చగా పెట్టండి. మిగిలింది మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లకూడదు. కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తీయొద్దు. వచ్చాక చూస్తే పదార్థంలో మంచు పలుకులు ఇంకా ఉంటే ఫర్వాలేదు. పూర్తిగా కరిగి ఎంతసేపైందో తెలియకపోతే, చికెనైనా సరే, పారేయండి.

బాబుకి ఎప్పుడైనా వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. ఏదీ కడుపులో నిలవకపోయినా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.