తాళాలు బ్యాంకుకి ఇచ్చేసి చేతులు దులుపుకోవచ్చా?

ప్రశ్న: బాచుపల్లిలో ఫ్లాట్ కొన్నాను. 60 లక్షల హోమ్‌లోన్, నెలకు 52 వేల ఈఎంఐ. ఇప్పుడు మా బ్లాకులోనే నేను కొన్న రేటు కంటే బాగా తక్కువకు అమ్ముతున్నారు, అమ్మినా లోన్ తీరదు. జీతం వస్తోంది, కట్టగలను కానీ కట్టబుద్ధి కావడం లేదు. 2008లో అమెరికాలో చాలామంది తాళాలు బ్యాంకుకి పంపేసి బయటపడ్డారని, బ్యాంకుకి లేని సెంటిమెంట్ నీకెందుకని అక్కడున్న మా తమ్ముడు అంటున్నాడు. లోన్‌కి మా బావగారు షూరిటీ ఉన్నారు. కట్టడం మానేస్తే తప్పా?

– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ తమ్ముడి మాటలో కొంత నిజముంది. బ్యాంకు మీ మీద ప్రేమతో అప్పివ్వలేదు, వడ్డీ లెక్క చూసుకునే ఇచ్చింది. ఉద్యోగం పోయో, ఇంట్లో జబ్బు చేసో కట్టలేకపోయినవాణ్ని దొంగలా చూడటం నాకూ నచ్చదు. కానీ మీది ఆ పరిస్థితి కాదు కదా.

పైగా కాలిఫోర్నియా లాంటి చోట సొంతిల్లు కొనడానికి తీసుకున్న అప్పుకి చాలావరకు ఆ ఇల్లొక్కటే పూచీ, అది తెలిసే బ్యాంకు అప్పిస్తుంది కాబట్టి తాళాలిచ్చి పోయేవాడు ఒప్పందంలో ఉన్న దారినే పోతున్నాడనుకోవచ్చు. మన దగ్గర ఆ దారి లేదు. వాయిదా 90 రోజులు దాటితే లోన్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, కోర్టుకి వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని అమ్ముకునే వీలు బ్యాంకుకిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసొస్తుంది, తర్వాత స్వాధీనం, మీ పేరుతో పేపర్లో ప్రకటన, వేలం. ఇంత జరిగాక కూడా వేలంలో వచ్చింది చాలకపోతే మిగతాది మీ నెత్తినే ఉంటుంది.

మీ ఒక్కరి నెత్తినే అయితే మీ ఇష్టం అనేవాణ్ని. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో, వేరే షరతు రాసుకోకపోతే, షూరిటీకీ అంతే. ముందు మిమ్మల్ని పూర్తిగా పిండి ఆ తర్వాతే మీ బావగారి దగ్గరికి వెళ్ళాలన్న నియమం బ్యాంకుకి లేదు. మీరేమో బ్యాంకుకి అన్యాయం చేస్తున్నానా అని అడుగుతున్నారు, ఇరుక్కునేది మాత్రం మీ అక్కయ్య సంసారం! ఈ ప్లాన్ బావగారి ఎదురుగా కూర్చుని చెప్పగలరా? (తమ్ముడికి అంత ధైర్యముంటే షూరిటీగా బావగారి బదులు తనని సంతకం పెట్టమనండి, బ్యాంకు ఒప్పుకుంటే.)

ఆ ఫ్లాట్ మీద అంత విరక్తి పుడితే మీరే అమ్మండి. వేలం కంటే మీరు వెతుక్కున్న కొనుగోలుదారుడు మంచి రేటు ఇచ్చే అవకాశమే ఎక్కువ. తక్కువపడిన సొమ్ము మాత్రం మీరు సర్దాల్సిందే, అది కట్టాకే బ్యాంకు పత్రాలు వదులుతుంది. అంత డబ్బు ఇప్పుడు చేతిలో లేకపోతే కొన్నాళ్ళు అద్దెకిచ్చి ఈఎంఐ కడుతూ ఉండండి. రేపు నిజంగానే ఉద్యోగం పోతే మాత్రం 90 రోజులు గడిచేదాకా ఆగకుండా బ్రాంచికి వెళ్ళి, వాయిదా తగ్గించి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి.