చీటీ రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు సొంతంగా కంటి ఆసుపత్రి తెరవబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం సంతోషం ఒక్కటే కాదమ్మా. పెద్ద ఆసుపత్రిలో నీ పొరపాటును పట్టుకోవడానికి నీ వెనక నలుగురు ఉంటారు. ఇకపై నువ్వు రాసిన చీటీని నువ్వు తప్ప మళ్లీ చదివేవాళ్లు ఉండరు.

గదులూ, కుర్చీలూ, సిబ్బందీ నీకు నేను చెప్పవలసినవి కావు. కన్నును పెద్దగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ మాత్రం మంచిది కొనుక్కో. నేను చెప్పదలచింది సెకండరీ గ్లాకోమా గురించి, అంటే కంటి లోపల ప్రెషర్ పెరిగి చూపు నరాన్ని దెబ్బతీసే నీటికాసుల్లో ఒక రకం గురించి. మామూలు నీటికాసులు ఎందుకొచ్చాయని రోగి అడిగితే వయసనో, వంశమనో చెప్పి ఊరుకుంటాం. ఈ రకానికి మాత్రం వెనక వేరొక కారణం ఉంటుంది. ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఒక్కోసారి అది మన చేతిరాతే అవుతుంది.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక తల్లి పన్నెండేళ్ల కొడుకును తీసుకొచ్చింది. అలర్జీతో వాడు రాత్రింబవళ్లు కళ్లు నలుపుకునేవాడు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు రాసిచ్చాను. రెండు రోజుల్లో ఎరుపూ దురదా పోయాయి. ఆవిడ వచ్చి దండం పెట్టి వెళ్తే నాకు గర్వంగా అనిపించింది. ఎన్నాళ్లు వేయాలో, ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు రావాలో నేను ఆ చీటీ మీద రాయలేదు. దురద తిరగబెట్టినప్పుడల్లా వాళ్లు అదే చీటీ చూపించి అదే మందు కొనుక్కున్నారు.

పద్నాలుగు నెలల తర్వాత వాడు మళ్లీ నా గదిలోకి వస్తూ గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు. కుర్చీ ఎక్కడుందో చూసుకోవడానికి మెడ మొత్తం తిప్పాడు. ఎదురుగా ఉన్న అక్షరాలను మాత్రం చివరి వరుస దాకా గడగడా చదివేశాడు. ప్రెషర్ కొలిస్తే కుడికన్ను 38, ఎడమకన్ను 42. 21 దాటితే చాలు, మనం అనుమానించాలి కదా! లోపల చూపును మెదడుకు చేర్చే ఆప్టిక్ నరం మొదట్లో పాలిపోయి, దాని మధ్య గుంట అంచుల దాకా పాకింది. నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను: "ఇన్నాళ్లు వాడమని ఎవరు చెప్పారు?" ఆవిడ సంచిలోంచి ఖాళీ సీసాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, మడతల దగ్గర చిరిగిపోయిన నా చీటీని వాటి పక్కన పరిచి, "మీరే కదండీ రాశారు" అంది.

మందు ఆపించాను, ప్రెషర్ తగ్గించే చుక్కలు వేయించాను, చివరికి రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. ప్రెషర్ దిగింది. పోయిన పక్కచూపు మాత్రం తిరిగి రాలేదు.

స్టెరాయిడ్ వల్ల కొందరిలో కంటి లోపలి నీరు బయటికి పోయే జల్లెడ మెల్లగా బిగుసుకుంటుంది. నొప్పి ఉండదు, కన్ను పైకి తెల్లగా ఆరోగ్యంగానే కనిపిస్తుంది, అందుకే నాకు దాని మీద అంత భయం. పిల్లల్లో ప్రెషర్ మరింత త్వరగా, మరింత ఎత్తుకు పెరగవచ్చు. కంట్లో చుక్కలే కానక్కర లేదు. రెప్పల మీద రాసే క్రీములూ, పీల్చే మందులూ, మాత్రలూ కూడా అడిగి తెలుసుకో. స్టెరాయిడ్ రాస్తే ముందు ప్రెషర్ కొలువు, రెండు మూడు వారాల్లో మళ్లీ కొలువు, ఆపవలసిన తేదీ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయి.

అలాగని భయపడి అవసరమైన చోట మానేయకు. యువైటిస్‌లో కంటిలోపలి వాపే దారులు మూసి ప్రెషర్ పెంచగలదు, దాన్ని తగ్గించే స్టెరాయిడ్ కూడా పెంచగలదు. ఏది కారణమో తేల్చుకోకుండా మందు హఠాత్తుగా ఆపితే వాపు విజృంభిస్తుంది. అటువంటి కంట్లో కంటిపాపను చిన్నది చేసే పైలోకార్పిన్ చుక్కలు వేయకు.

మధుమేహం ఉన్నవాళ్లకూ, రెటీనా సిర మూసుకుపోయినవాళ్లకూ కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయకముందే పాప అంచున సన్నని కొత్త రక్తనాళాలున్నాయేమో చూడు. అవి నీరు పోయే మూలలోకి పాకి దాన్ని మూసేశాయంటే ఆ కంటిని నిలబెట్టడం చాలా కష్టం. బంతి దెబ్బ తగిలిన కన్ను మానిందని పంపించేయకు, చిరిగిన మూల ఏళ్ల తర్వాత కూడా ప్రెషర్ పెంచగలదు. ముదిరిన శుక్లానికి ఆపరేషన్ వాయిదా వేయనీయకు, అదీ ప్రెషర్ పెంచగలదు. తలనొప్పీ వాంతులతో వచ్చినవాళ్ల కన్ను ఎర్రగా ఉంటే, అది కడుపు జబ్బు అనుకునేలోపు వేలితోనైనా కన్ను గట్టిపడిందేమో తడిమి చూడు.

నువ్వు చిన్నప్పుడు లెక్క చేసి, సరిచూసుకోకుండానే పలక నా చేతిలో పెట్టి ఆటకు పరుగెత్తేదానివి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది సరిగ్గానే ఉండేది, అందుకే నిన్ను గట్టిగా తిట్టలేకపోయేవాణ్ణి. ఇప్పుడు తిడుతున్నానని అనుకోకు తల్లీ. ఆ పదోసారి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

కంటి ప్రెషర్ కొలిచే టోనోమీటరు కొన్నావని మీ నాన్న అన్నాడు. అది కొలత సరిగ్గా చూపుతోందో లేదో, కాలిబ్రేషన్ సరిచూసుకున్నావా, లేదా? వెంటనే జాబు రాయి.

మీ పెద్దనాన్న