టెక్ సందేహాలు: బలి ఇచ్చి గెలిచిన ఎత్తును కంప్యూటర్ తప్పంటోందా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆన్‌లైన్ చెస్‌లో హెచ్7 మీది బంటును బిషప్‌తో కొట్టి, ఆ బిషప్‌ను బలి ఇచ్చి, కాసేపట్లో ఆట కట్టించాడు. తీరా లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో విశ్లేషణ నొక్కితే అదే ఎత్తు పక్కన రెండు ప్రశ్నార్థకాలు! గెలిపించిన ఎత్తు తప్పెలా అవుతుంది? – హనుమకొండ నుంచి ఒక తల్లి

మీవాడు గెలిచిందీ నిజమే, కంప్యూటర్ చెప్పిందీ నిజమే. ఆ విశ్లేషణ చేసే స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్), అవతలివాడు కూడా ప్రతి ఎత్తూ తనంత గట్టిగా వేస్తాడనుకునే లెక్క కడుతుంది. మీవాడి ప్రత్యర్థి అంత గట్టివాడు కాదు, అంతే తేడా.

ఆ ప్రశ్నార్థకాల దగ్గర ఆగి, కంప్యూటర్ చూపించే జవాబు చదవండి. ఈ బలి చాలా పాతది. రాజు బిషప్‌ను చంపుతాడు, గుర్రం జీ5కి వచ్చి చెక్ ఇస్తుంది. రాజు జీ8కి వెనక్కి వెళ్తే మంత్రి హెచ్5లో దిగుతుంది, సాధారణంగా పని అయిపోయినట్టే. చాలా ఆటల్లో అసలు జవాబు రాజును జీ6కి, అంటే ముందుకు నడిపించడం. గడియారంలో రెండు నిమిషాలు మిగిలి ఉండగా సొంత రాజును నడిబజారులోకి పంపాలంటే మనిషికి చేయి రాదు. కంప్యూటర్‌కు ఆ టెన్షన్ లేదు.

పెద్దవాళ్ల ఆటల్లోనూ ఇంతే. 1960లో మాస్కోలో ప్రపంచ టైటిల్ పోరు ఆరో ఆటలో మిఖాయిల్ తాల్, నల్లపావులతో 21వ ఎత్తుకు గుర్రాన్ని ఎఫ్4లో బలి ఇచ్చాడు. హాల్లో జనం గోల తట్టుకోలేక ఆటను వెనక గదిలోకి మార్చారు. ఆ ఒత్తిడిలో ఎదుట ఆడుతున్న ప్రపంచ చాంపియన్ బోట్విన్నిక్ దారి తప్పి ఓడిపోయాడు. తెల్లపావులకు అంతకన్నా మంచి దారి ఉందని తర్వాత విశ్లేషకులు చూపించారు. అయినా ఆ గుర్రాన్ని తప్పు ఎత్తు అనడానికి నాకు మనసొప్పదు. తాల్ ఎదుట కూర్చున్నది మనిషి మరి.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో ఇంజిన్ ఒక బలి ఎత్తుకు మొదట మైనస్ 2 ఇచ్చింది. అర నిమిషం ఆగితే ప్లస్ 3 అంది. సాఫ్ట్‌వేర్ పాడైందా? – గుంటూరు పాఠకుడు

పాడవలేదు. ఆ అంకె ఎవరిది పైచేయో చెబుతుంది: ప్లస్ అయితే తెల్లపావులది, మైనస్ అయితే నల్లపావులది. ఇంజిన్ అన్ని ఎత్తులనూ సమానంగా చూడదు, అంత టైమ్ దానికీ లేదు. పావును చంపే ఎత్తుల్లాంటి లాభసాటివాటిని ముందు లోతుగా వెతుకుతుంది. ఊరికే పావు పోగొట్టేలా కనిపించేవి జాబితా చివరికి పోతాయి. వాటిని పైపైన చూస్తుంది, కొన్నిటిని అసలు చూడకుండానే కొట్టేస్తుంది. లోతు పెరిగాక వాటి వంతు మళ్లీ వస్తుంది, అప్పుడు అంకె తిరగబడుతుంది.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1998 లినారెస్ టోర్నీలో గ్రాండ్‌మాస్టర్ టోపలోవ్‌పై మరో గ్రాండ్‌మాస్టర్ షిరోవ్ నల్లపావులతో ఆడిన ఆట. 47వ ఎత్తుకు షిరోవ్ బిషప్‌ను హెచ్3లో పెట్టాడు. చెక్ లేదు, ఏ పావునూ చంపలేదు, అవతలి బంటు నోటికి అందించాడంతే. అప్పటి ఇంజిన్లకు ఇది అంతుపట్టలేదు. షిరోవ్‌కు కావలసింది తన రాజు ఈ4 గడికి చేరడం. దారిలో ఎఫ్5 మీద సొంత బిషప్పే అడ్డం, ఒక్క ఎత్తు ఆలస్యమైతే తెల్ల రాజు ఎదురొచ్చి నిలబడతాడు. హెచ్3లో బిషప్‌ను తెల్ల బంటు చంపేలోగా నల్ల రాజు ఎఫ్5కి, అక్కణ్నుంచి ఈ4కి వెళ్లిపోయాడు. ఇక నల్ల బంట్లను ఆపడం టోపలోవ్ వల్ల కాలేదు.

రాజు ఎక్కడ ఉండాలో ముందు అనుకుని, దానికి అడ్డమేమిటని వెనక్కి ఆలోచిస్తే ఈ ఎత్తు తడుతుంది. పాత ఇంజిన్ ఒక్కో ఎత్తూ ముందుకే లెక్కించేది, ఫలితం మరీ దూరంలో ఉంటే కనబడేది కాదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ తయారుచేసిన ఆల్ఫాజీరో ప్రోగ్రామ్ సెకనుకు సుమారు 60 వేల స్థితులే చూసేది, స్టాక్‌ఫిష్ 6 కోట్లు చూసేది. అయినా 1000 ఆటల్లో ఆల్ఫాజీరో 155 గెలిచి 6 ఓడింది, మిగతావి డ్రా. ఎటు చూడాలో తనతో తానే ఆడి నేర్చుకుంది. వెంటనే లాభం లేకున్నా, అవతలి పావులు కదలలేకపోతే చాలని బంట్లు వదిలేసేది. 2020లో స్టాక్‌ఫిష్ కూడా న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్) కలుపుకుంది. అయినా ఎత్తులను వరుసలో పెట్టి కొన్నిటిని వదిలేసే పద్ధతి మాత్రం మానలేదు. మీ లాప్‌టాప్‌లో అంకె మారింది అందుకే.

ప్రశ్న: బలుల విశ్లేషణకు ఫోన్‌లో ఏ సెట్టింగ్ పెట్టుకోవాలి?

లిచెస్ విశ్లేషణ బోర్డు మెనూలో ఒకటికి బదులు మూడు లైన్లు (ఎత్తుల వరుసలు) చూపించమనండి. బలి ఇచ్చాక ఎదుటివాడి వంతులో మొదటి లైన్ ఒక్కటే గెలుస్తూ మిగతా రెండూ ఓడిపోతుంటే, ఎదుటివాడు కనిపెట్టాల్సింది ఆ ఒక్కదాన్నే. బలి ఎంత ప్రమాదకరమో అంకె కన్నా ఈ తేడాయే బాగా చెబుతుంది. తర్వాత ‘ఇక్కడి నుంచి కొనసాగించు’ ఆప్షన్‌తో, బలి తీసుకున్నవాడి వైపు కూర్చుని స్నేహితుడితో ఆడి చూడండి. ఇంజిన్‌ను ఎక్కువసేపు నడిపితే ఫోన్ వేడెక్కుతుంది, చార్జింగ్‌లో ఉంచి మాత్రం నడపకండి.